విద్యార్థి వేతనము: పొందుట యొకటి, నిలుపుకొనుట యొకటి

(ఒక మండల కేంద్రములో గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతి ముగింపునాడు చేసిన ప్రసంగ పాఠము)



ఈ మూడు దినములుగ మీరు త్రాగునీటి పథకములను గూర్చియు, వీధి దీపములను గూర్చియు, ఇంటి పన్ను వసూళ్ళను గూర్చియు అనేక విషయములు వినియున్నారు. మాకు అప్పగింపబడిన విషయము వానివలె కంటికి కనిపించునది కాదు. బోరుబావి ఎండినచో ఆ పూటనే ఊరంతయు ఎరుగును. దీపము ఆరినచో ఆ రాత్రియే మీ తలుపు తట్టుదురు. కాని మీ గ్రామమున ఒక పిల్లవానికి వచ్చుచున్న విద్యార్థి వేతనము ఆగిపోయినచో ఎవ్వరికిని తెలియదు. తల్లిదండ్రులు సిగ్గుచే పైకి చెప్పుకొనరు. పిల్లవాడు కొన్నాళ్ళు స్నేహితుల గదిలో కాలము గడిపి, పిదప పట్టణమున ఏ దుకాణములోనో పనికి కుదురును. ఊరివారు "వానికి చదువు అబ్బలేదు" అని ఊరకుందురు. చదువు అబ్బకపోవుట వేరు, సాయము ఆగిపోవుట వేరు. ఈ రెంటికిని గల భేదమును మీ ముందుంచుటయే నేటి మా ప్రసంగోద్దేశము.

పిల్లలు కళాశాలలో చేరునప్పుడు పంచాయతీ పెద్దలు చేయు సాయమును మేమెరుగుదుము. కుల ధ్రువపత్రమునకును, ఆదాయ ధ్రువపత్రమునకును మీరు వారి వెంట కార్యాలయములకు తిరుగుచున్నారు. దరఖాస్తు మంజూరైననాడు వారితోబాటు మీరును సంతోషించుచున్నారు. ఆపైన "నారు పోసినవాడు నీరు పోయడా" అనుకొని అందరమును ఆ సంగతి మరచుచున్నాము. పొరపాటు ఇక్కడనే జరుగుచున్నది. విద్యార్థి వేతనము ఒకసారి వ్రాసి యిచ్చిన ఇనాము భూమి వంటిది కాదు. అది కౌలు వంటిది. ఏటేటా షరతులు నెరవేర్చిననే మరుసటి ఏటికి సాగును.

మేము చూచిన ఒక సంగతి చెప్పెదము. గత సంవత్సరము వేరొక ప్రచార కార్యక్రమము నిమిత్తము మిరప పండించు ఒక గ్రామమునకు పోయియుంటిమి. కార్యక్రమము ముగిసిన పిదప ఒక కౌలు రైతు మమ్ము కలిసికొనెను. ఆయన కుమార్తె ఇంజనీరింగు రెండవ సంవత్సరము చదువుచుండెను. ఆ కుటుంబమున పదవ తరగతి దాటిన మొదటి వ్యక్తి ఆ బాలికయే.

"అయ్యా, మా పిల్ల పరీక్ష తప్పలేదు. అసలు పరీక్షకే కూర్చోనియ్యలేదు. ఇప్పుడు స్కాలర్‌షిప్పు కూడా లేదంటున్నారు. ఇచ్చిన సర్కారే తీసికొంటే మేము ఎవరితో చెప్పుకోవాలి?" అని ఆయన అడిగెను.

మేము ఆ బాలికను పిలిపించి, కళాశాలవారు ఇచ్చిన హాజరు లెక్కను చూచితిమి. ఆ సెమిస్టరులో, అనగా ఆ అర్ధ సంవత్సరములో, 90 పనిదినములు నడచినవి. సంక్రాంతి సెలవులకు ముందు వెనుకల 5 దినములు ఆమె ఇంటనే ఉండిపోయినది. అక్క వివాహమునకు 5 దినములు పోయినవి. విషజ్వరముతో 9 దినములు మంచము పట్టినది. కాయ కోతలకు కూలీలు దొరకక, తల్లికి తోడుగ చేనులో 14 దినములు పనిచేసినది. మొత్తము 33 దినములు. కళాశాలకు పోయినవి 57 దినములు, అనగా నూటికి 63.

మన రాష్ట్రములలోని జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయముల నిబంధన ప్రకారము పరీక్ష వ్రాయుటకు 75 శాతము హాజరు ఉండవలెను. 65 మొదలు 75 శాతము వరకు ఉన్నవారికి, తగిన కారణము చూపి నిర్ణీత రుసుము చెల్లించినచో, కళాశాలవారు ఆ కొరతను మన్నింపవచ్చును. 65 శాతమునకు తగ్గినవారిని మన్నించు అధికారము కళాశాలకు లేదు. వారు ఆ సెమిస్టరును మరుసటి సంవత్సరము తిరిగి చదువవలెను. 90 దినములలో 65 శాతమునకు 59 దినములు కావలెను. ఆ బాలికకు తక్కువైనవి 2 దినములు.

విద్యార్థి వేతనమునకు కావలసినది 75 శాతము, అనగా 68 దినములు. జ్వరమునకు 9 దినములు, పెండ్లికి 5, పండుగకు 5 పోయినను, కోతలకు పోయిన 14 దినములు కళాశాలలో ఉండియున్నచో ఆమె హాజరు 71 దినములై యుండెడిది. పరీక్షయు నిలిచెడిది, వేతనమును నిలిచెడిది.

ఆ తండ్రిని తప్పు పట్టుటకు ఈ మాట చెప్పుటలేదు. పండిన కాయ చెట్టుననే ఉన్నచో రంగు చెడును, ధర తగ్గును. కౌలు మాత్రము తగ్గదు. ఆయన తన చేనిని కాపాడుకొనుచుంటిననియే తలచెను. తన కౌలు షరతులు ఆయనకు కంఠస్థము. కుమార్తె విద్యార్థి వేతనపు షరతులను మాత్రము ఆయనకు ఎవ్వరును చెప్పియుండలేదు. ఆ గ్రామపు వార్డు సభ్యుని అడుగగా, ఆయనయు "మాకీ లెక్క తెలియదండి" అనెను. చెప్పవలసిన వారిలో మా శాఖయు ఒకటి గనుక, ఆ తప్పులో మాకును పాలు గలదు. అందుచేతనే ఇప్పుడు ఆ షరతులను వరుసగ వివరించుచున్నాము.

మొదటి షరతు హాజరు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2019 నవంబరులో వెలువరించిన ఉత్తర్వులలోను, తెలంగాణ ప్రభుత్వపు పథకములోను విద్యార్థికి 75 శాతము హాజరు ఉండవలెనని నిర్ణయింపబడినది. ఇందులో ఒక చిక్కు గలదు, దానిని మీరు ప్రత్యేకముగ గుర్తుంచుకొనవలెను. 70 శాతము హాజరు గల విద్యార్థిని కళాశాలవారు మన్నించి పరీక్షకు కూర్చుండనిత్తురు. పరీక్షకు కూర్చుండనిచ్చిరి గదా, ఇక భయము లేదని ఆ కుటుంబము తలచును. కాని పరీక్ష నిబంధన వేరు, వేతన నిబంధన వేరు. కళాశాల మన్నించిన కొరతను వేతన పథకము మన్నింపవలెనను నియమము లేదు. కావున పిల్లలు 65 ను గాక 75 నే తమ గట్టుగ భావింపవలెను.

రెండవ షరతు పై తరగతికి పోవుట. ఏ సంవత్సరపు చదువునకు సాయము పొందిరో, ఆ సంవత్సరము ముగిసిన పిదప విద్యార్థి పై సంవత్సరమునకు పోవలెను. పోలేక అదే తరగతిలో ఆగినవారికి తిరిగి పై తరగతికి పోవువరకు సాయము నిలిచిపోవును. ఇంజనీరింగు వంటి చదువులలో ఇంతవరకు సంపాదించిన క్రెడిట్లు నిర్ణీత భాగమునకు తగ్గినను పై సంవత్సరమునకు పోనీయరు. కావున "ఒక పేపరు మిగిలినది, రెండు పేపర్లు మిగిలినవి, తరువాత వ్రాసికొనవచ్చును" అని పిల్లలు చెప్పునప్పుడు, అవి ఎన్ని పేరుకొనినవో అడిగి తెలిసికొనుట మేలు.

మూడవ షరతు ఏటేటా పునరుద్ధరణ. మొదటి సంవత్సరపు దరఖాస్తు నాలుగు సంవత్సరములకును చెల్లదు. ప్రతి సంవత్సరము గడువులోపల పునరుద్ధరణ జరుగవలెను. ఆధారు సంఖ్యతో ముడిపడిన బ్యాంకు ఖాతా వాడుకలో ఉండవలెను. షెడ్యూల్డు కులముల విద్యార్థుల పథకములో కేంద్ర ప్రభుత్వము తన 60 శాతము వాటాను 2021-22 నుండి నేరుగ విద్యార్థి ఖాతాకే పంపుచున్నది. చదువులో మొదటివాడుగ నిలిచిన పిల్లవానికి సైతము, ఖాతా నిద్రపోయినచో సొమ్ము చేరదు.

పథకములన్నిటికిని షరతులు ఒకే తీరున ఉండవు. ఇంటర్మీడియట్‌లో మంచి మార్కులు వచ్చినవారికి కేంద్ర విద్యాశాఖ ఇచ్చు విద్యార్థి వేతనము వేరొకటి గలదు. 2022-23 నుండి దాని క్రింద డిగ్రీ చదువువారికి సంవత్సరమునకు 12,000 రూపాయలుగ నిర్ణయింపబడినది. దానిని నిలుపుకొనుటకు 75 శాతము హాజరుతోబాటు సంవత్సరాంత పరీక్షలో 50 శాతము మార్కులును రావలెను. అందులో కేవలము ఉత్తీర్ణుడైన చాలదు. కనుక మీ గ్రామపు విద్యార్థి ఏ పథకము క్రింద సాయము పొందుచున్నాడో ముందుగ తెలిసికొనవలెను.

ఇన్ని షరతులు ఎందుకు, పేదవారికిచ్చు సాయమును నిండు మనస్సుతో ఈయరాదా అని కొందరు అడుగుదురు. ఈ సాయము పుట్టుక చూచినచో సమాధానము దొరకును. షెడ్యూల్డు కులముల విద్యార్థులకు ఉన్నత విద్యలో వేతనములిచ్చు కేంద్ర పథకము 1944 లో ఆరంభమైనది. అంతకు పూర్వము 1942 లో, వైస్రాయి కార్యనిర్వాహక మండలి సభ్యుడుగ నుండిన డాక్టర్ అంబేద్కరు షెడ్యూల్డు కులముల కష్టములను వివరించుచు ప్రభుత్వమునకు ఒక విజ్ఞాపన పత్రము సమర్పించి, వారి ఉన్నత విద్యకు సాయము కోరియుండిరి. విద్యార్థి వేతనము విలువయు, దాని గడువు తీరినప్పుడు కలుగు బాధయు ఆయనకు స్వానుభవమున తెలియును. 1913 లో ఆయన బరోడా మహారాజు ఇచ్చిన వేతనముతో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయమునకు పోయిరి. అచటినుండి లండనుకు పోయి చదువుచుండగా వేతనపు గడువు ముగిసినది. 1917 లో చదువు సగములో విడిచి స్వదేశమునకు రావలసివచ్చెను. ఉద్యోగము చేసి కూడబెట్టిన సొమ్ముతోను, కొల్హాపూరు మహారాజు సాయముతోను, స్నేహితుడిచ్చిన అప్పుతోను 1920 లో మరల లండను చేరి, 1923 లో డాక్టరు పట్టము పొందిరి. ఆయన వంటివాడు తిరిగి పోగలిగెను. మన గ్రామములలో ఒకసారి వెనుకకు వచ్చిన పిల్లలు ఎందరు తిరిగి పోగలుగుచున్నారో మీకే తెలియును.

ఈ సొమ్ము ప్రజల సొమ్ము. ఇది కళాశాలలో పేరు ఉన్నందుకు ఇచ్చునది కాదు, చదువుచున్నందుకు ఇచ్చునది. పేరు మాత్రమే కళాశాలలో ఉండి మనిషి వేరొకచోట ఉన్న సందర్భములలో సాయమునకు అర్హుడైన మరియొకనికి అన్యాయము జరుగును. షరతుల ఉద్దేశమిది. అయినను అవి దయలేనివి కావు. షెడ్యూల్డు కులముల పథకమునకు 2010 లో సవరింపబడిన కేంద్ర నిబంధనలను చూడుడు. వైద్యము, ఇంజనీరింగు వంటి మొదటి తరగతి కోర్సులలో విద్యార్థి మొదటిసారి పరీక్ష తప్పినచో వేతనమును కొనసాగింపవచ్చుననియు, రెండవసారి తప్పినచో పై తరగతికి పోవువరకు తన ఖర్చు తానే భరింపవలెననియు అందులో ఉండెను. అనారోగ్యముచే సంవత్సరాంత పరీక్షకు పోలేనివారు వైద్యుని పత్రము చూపి కళాశాల అధిపతిని ఒప్పించినచో వేతనము కొనసాగవచ్చుననియు ఉండెను. క్రింది తరగతి పేపరు మిగిలియున్నను విశ్వవిద్యాలయము పై తరగతికి పంపినచో ఆ పై తరగతికి వేతనము లభించుననియు ఉండెను. ఈ నిబంధనలు అప్పుడప్పుడు మారుచుండును గనుక ఆయా సంవత్సరపు ఉత్తర్వును చూచుకొనవలెను. కాని ఒక సంగతి మారదు. మన్నింపు తనంతట తాను రాదు, కాగితముతో అడిగిననే వచ్చును. ఆ మిరప గ్రామపు బాలిక జ్వరముతో 9 దినములు పడియున్నను, ఆమె ఇంట వైద్యుని చీటీ ఒక్కటియు దాచియుంచలేదు.

ఇక పంచాయతీ చేయదగిన పనులు. వీనికి పెద్ద నిధులు అక్కరలేదు.

ఒకటి: గ్రామమునుండి కళాశాలలకు పోవు విద్యార్థుల పట్టిక నొక పుస్తకమున వ్రాయింపుడు. పేరు, కళాశాల, కోర్సు, సంవత్సరము, ఏ పథకము క్రింద సాయము, పునరుద్ధరణ గడువు, ఇవి చాలును. ఆంధ్రప్రదేశ్ గ్రామ సచివాలయములలో సంక్షేమ, విద్యా సహాయకుడు ఉన్నాడు. ఆయనను పంచాయతీ సమావేశమునకు పిలిచి ఈ పట్టికను సరిచూచుకొనవచ్చును. తెలంగాణలో పంచాయతీ కార్యదర్శి సాయము పొందవచ్చును.

రెండు: నెలకొకసారి ప్రతి వార్డు సభ్యుడును తన వార్డులోని విద్యార్థుల హాజరు ఎంతయో అడుగవలెను. సెమిస్టరు ముగిసిన పిదప అడిగిన ప్రయోజనము లేదు. సగము గడిచినప్పుడు 70 ఉన్నచో మిగిలిన సగములో పూడ్చుకొనవచ్చును. చివర తెలిసినచో విచారించుట తప్ప వేరు దారి లేదు. దినముల లెక్క మేము సులభముగ ఉండుటకు చెప్పితిమి. కళాశాలలో పీరియడ్ల లెక్కన చూతురు గనుక శాతమునే అడుగుడు.

మూడు: కోతలు, నాట్లు వచ్చినప్పుడు కళాశాల పిల్లలను పిలువకుండ ఏమి చేయవచ్చునో ముందుగనే ఆలోచింపుడు. కళాశాల సెలవులకు వ్యవసాయపు కాలము తెలియదు. వ్యవసాయమునకు కళాశాల కాలము తెలియదు. రెండును తెలిసిన పెద్దలు మీరే. పెండ్లి ముహూర్తములు పెట్టుకొనునప్పుడు గూడ పరీక్షల తేదీలను చూచుకొనుమని చెప్పవచ్చును. ఆడపిల్లల విషయమున ఇది మరింత అవసరము. మగపిల్లవాని వేతనము ఆగినచో వానికి పని వెదకుదురు. ఆడపిల్ల వేతనము ఆగినచో సంబంధము వెదకుదురు.

నాలుగు: జబ్బుపడిన విద్యార్థికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు చీటీని, ఆసుపత్రి కాగితములను భద్రపరచుకొనుమనియు, కోలుకొన్న వెంటనే కళాశాలలో అందజేయుమనియు చెప్పుడు. జబ్బు తగ్గిన రెండు నెలలకు పత్రము కొరకు పరుగెత్తుట చాల కష్టము.

ఐదు: వేతనము ఆగినదని తెలిసిన నాడు కారణమును వ్రాతమూలముగ అడిగి తెచ్చుకొనుమనుడు. హాజరు కారణమా, పరీక్ష కారణమా, బ్యాంకు ఖాతా కారణమా తెలిసినప్పుడే మందు తెలియును. నోటిమాటను నమ్మి చదువు మానినవారిలో కొందరి కారణము కేవలము ఖాతా చిక్కేయై యుండవచ్చును.

ఇన్ని బాధ్యతలను మీకు చెప్పి, ప్రభుత్వ బాధ్యతను దాచినచో మా మాటకు విలువ ఉండదు. షరతులన్నియు నెరవేర్చిన విద్యార్థులకు సైతము ఫీజు సొమ్ము నెలల తరబడి ఆలస్యమైన సందర్భములు రెండు రాష్ట్రములలోను ఉన్నవి. ఆ కారణముగ కళాశాలలు విద్యార్థులను ఫీజు కట్టుమని ఒత్తిడి చేసిన ఉదాహరణములును ఉన్నవి. ఇది ప్రభుత్వము సరిదిద్దుకొనవలసిన లోపము. అట్టి ఫిర్యాదులను మీరు మండల, జిల్లా అధికారులకు వ్రాతమూలముగ పంపుడు. అయితే ఒక భేదమును గమనింపుడు. ఆలస్యమైన సొమ్మును అడుగు హక్కు విద్యార్థికి నిలిచియుండును. షరతు తప్పి పోగొట్టుకొన్న సంవత్సరమును అడుగుటకు హక్కు మిగులదు. మొదటిదానికి పోరాడుటకైనను, రెండవది జరుగకుండ చూచుకొనవలెను.

ఆ మిరప గ్రామమునకు మేము ఈ సంవత్సరము మరల పోయితిమి. ఆ బాలిక చదువు మానలేదు. తనకంటె చిన్నవారితో కూర్చుండి ఆ సెమిస్టరు మరల చదివి, ఇప్పుడు మూడవ సంవత్సరమున ఉన్నది. మరల చదివిన కాలమునకు ఫీజును తండ్రి వడ్డీకి తెచ్చి కట్టెను. ఆ అప్పు ఇంకను తీరలేదు. పంచాయతీ కార్యాలయమున బల్లపై ఒక నోటుపుస్తకము ఉన్నది. అందులో ఆ గ్రామపు కళాశాల విద్యార్థులందరి పేర్లును ఉన్నవి. "మాకీ లెక్క తెలియదండి" అనిన వార్డు సభ్యుడే దానిని వ్రాయుచున్నాడు. ఈ ఏటి కోతలకు ఇరుగుపొరుగు కుటుంబములు ఒకరి చేనికి ఒకరు మార్చి మార్చి పోయి కాయ కోసికొనిరి. ఆ బాలికను ఎవ్వరును పిలువలేదు. ఆమె పేరు ఎదుట ఆ నెల హాజరు 88 అని వ్రాసియున్నది.

మీ గ్రామములకు తిరిగి పోయిన వెంటనే అట్టి పుస్తకము నొకదానిని తెరువుడు. మొదటి పుటలో పేర్లు వ్రాయుటకు ఒక సాయంకాలము చాలును. ఆ పేర్లలో ఒక్కటియైనను మధ్యలో కొట్టివేయబడకుండ చూచు పని మాత్రము ఏడాది పొడవునను ఉండును. ఆ పని మీరు చేయగలరని మా నమ్మకము.